మలుపులు తక్కువున్న దారి

ఉదయగిరి నుంచి కూనూరుకు పోవడానికి రెండు దారులున్నాయి. ఏ దారిన పోవాలన్న దాని మీద డేవిడ్‌రాజుకూ ఆయన భార్య లిదియమ్మకూ వారం పాటు మాట పట్టింపు నడిచింది.

లిదియమ్మ నర్సుగా చేసి రిటైరైన మనిషి. క్యాన్సర్ ఎముకలకు పాకిందని, ఇంక ఇంటికి తీసుకుపోయి ఆమె కోరింది చేసిపెట్టమని నెల్లూరులో డాక్టర్లు చెప్పేశారు. ఆమె కోరింది ఒక్కటే. పెళ్లయిన కొత్తలో ఆమె కూనూరులో ఒక టీతోట ఆసుపత్రిలో పనిచేసింది. డేవిడ్‌రాజు అదే తోటలో లారీ తోలేవాడు. వాళ్ల మొదటి బిడ్డ అక్కడే పుట్టి, ఏడాది నిండకముందే జ్వరంతో పోయింది. పాతిపెట్టిన రోజు ఆయన లారీతో కొండ కింద మేట్టుపాళయంలో ఉన్నాడు. ఆ తర్వాత లిదియమ్మ ప్రతి ఆదివారం సమాధి దగ్గరికి వెళ్లొచ్చేది. ఆయనకు మాత్రం అటు వెళ్లడానికి ఏనాడూ మనసొప్పలేదు. ఉదయగిరికి వచ్చేశాక ఇద్దరూ మళ్లీ ఆ కొండ ఎక్కలేదు. ఇప్పుడు చివరిగా ఒకసారి బిడ్డను చూసి రావాలంది.

కొడుకు పాల్‌కు ఆత్మకూరులో ట్రావెల్స్ ఉంది. ఒక పెద్ద వ్యాన్‌లో సీట్లు పీకించి, మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న బాత్‌రూమ్ పెట్టించి యాత్రలకు బాడుగకు తిప్పుతుంటాడు. తల్లి మాట వినగానే బుకింగులు ఆపేసి, దాన్ని తెచ్చి వాకిట్లో నిలిపాడు.

డేవిడ్‌రాజు ముందు తానే ఆ మంచం మీద పడుకుని దుత్తలూరు దాకా తోలమన్నాడు. గుంటలో చక్రం దిగినప్పుడల్లా తన నడుము పట్టుకుని, ఇది ఆమెకెంత నొప్పి చేస్తుందోనని లెక్కేసుకున్నాడు. తిరిగొచ్చి పరుపు కింద ఇంకో పరుపు వేయించాడు. ఆమె పక్కకు దొర్లకుండా మంచానికి రెండు వైపులా దిండ్లు కట్టించాడు.

ఇక మిగిలింది దారి. నెల్లూరు, వేలూరు, సేలం మీదుగా మేట్టుపాళయం చేరి ఘాట్ ఎక్కితే నేరుగా కూనూరే. కానీ ఆ ఘాట్ మలుపులు డేవిడ్‌రాజుకు బాగా తెలుసు. లారీలో నిక్షేపంగా ఉన్న మనిషికే కడుపులో తిప్పేది. మంచంలో కదిలితేనే పళ్లు బిగించే మనిషిని ఆ మలుపుల్లో ఎట్లా తీసుకుపోవడం? మైసూరు, గూడలూరు మీదుగా అయితే కొండ నిదానంగా ఎక్కుతుంది. కిలోమీటర్లు అటూ ఇటూ ఇంచుమించు ఒకటే. కాకపోతే బెంగళూరు ట్రాఫిక్కు దాటాలి, ఆ తర్వాత అడవి. రాత్రయితే అడవి గేటు మూసేస్తారు.

లిదియమ్మ ఘాట్ దారే పోదామంది. మలుపులకు తాను భయపడటం లేదంది. నొప్పికి మాత్రలున్నాయి కదా అంది.

“గేటు పడిపోతే ఏం చేస్తావయ్యా?” అని అడిగింది.

“పడితే ఆగుదాం. పొద్దున్నే పోదాం. ఒక్క రాత్రికి ఏమైతాది?”

“నాకు పొద్దున ఉండాదో లేదో ఎవురికి తెలుసు?”

ఆయన ఆ మాటను పట్టించుకోలేదు. జబ్బు మనిషి, ఏదో అంటుందనుకున్నాడు. పాల్‌కు మైసూరు దారే చెప్పాడు.

బద్వేలు, కడప దాటేదాకా ప్రయాణం ఆయన అనుకున్నట్టే సాగింది. లిదియమ్మ కిటికీలోంచి చూస్తూ పడుకుంది. బెంగళూరులో వ్యాను చిక్కుకుపోయింది. ఎండలో ఆగుతూ, కదులుతూ, మళ్లీ ఆగుతూ మధ్యాహ్నమంతా గడిచిపోయింది. మాత్ర వేసినా ఆమె నొప్పి దిగలేదు. మైసూరు దాటాక రెండు చోట్ల ఆపి ఒళ్లు తుడవాల్సి వచ్చింది. గుండ్లుపేట చేరేసరికి గేటు మూసే వేళ దాటిపోయింది. ఒక పెట్రోలు బంకు పక్కన వ్యాను నిలిపారు. గేటు పడిందని ఆమెకు చెప్పడానికి డేవిడ్‌రాజుకు నోరు రాలేదు. ఆమె కూడా అడగలేదు.

పొద్దున్నే గేటు తెరవగానే బయలుదేరారు. అడవి దాటి, గూడలూరు దాటి కొండ ఎక్కుతుంటే రెండు వైపులా టీతోటలు మొదలయ్యాయి. లిదియమ్మ తల ఎత్తి పెట్టమంది. ఆయన చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. ఆమె పచ్చటి తోటల వైపు చూసింది.

“ఇంకెంత దూరముండాది?”

“దగ్గరికొచ్చేసినాం. ఊటీ దాటితే ఇంక దిగడమే.”

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని ఆయన చెయ్యి తీయలేదు. కొంత దూరం పోయాక ఆ తల బరువు మారినట్టు అనిపించింది. వంగి ఆమె ముక్కు దగ్గర చెంప పెట్టి చూశాడు. ఊపిరి తగల్లేదు. అయినా కొడుక్కి వెంటనే చెప్పలేకపోయాడు. ఇంకో రెండు మలుపులు తిరిగాక వ్యాను ఆపమన్నాడు.

ఊటీలో డాక్టరు చూసి, పోయి చాలా సేపైందని చెప్పి కాగితం రాసిచ్చాడు. పాల్ కళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరుగుదామన్నాడు. ఉదయగిరిలో పెద్దమ్మలు, చర్చి వాళ్లు కాచుకుని ఉంటారన్నాడు.

“కూనూరుకు పోనీరా,” అన్నాడు డేవిడ్‌రాజు. “అంత దూరం వచ్చింది. ఆ సమాధుల తోట గేటు దాకా అయినా తీసుకపోదాం.”

సమాధుల తోట బయట వ్యాను నిలిపి ఆయన ఒక్కడే లోపలికి నడిచాడు. నీలగిరి చెట్ల కింద పసిబిడ్డల సమాధులు ఒక వరుసగా ఉన్నాయి. చాలా రాళ్ల మీద పేర్లు లేవు. ఉన్న చోట పాచి కమ్మేసింది. ఆయన ఒక్కో రాయి దగ్గర వంగాడు, వేళ్లతో గీకి చూశాడు, వరుస చివరిదాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. ఎంతసేపటికీ రాకపోయేసరికి పాల్ వెతుక్కుంటూ వచ్చాడు.

“ఏది నాయనా, అక్కది?”

“తెలియదురా. మీ అమ్మకే తెలుసు.”

మరుసటి రోజు లిదియమ్మను ఉదయగిరిలోనే సమాధి చేశారు. చూడవచ్చిన వాళ్లందరూ డేవిడ్‌రాజును మెచ్చుకున్నారు. రెండు పరుపులు వేయించి, మంచి దారి చూసి, పూవులాగా తీసుకుపోయినాడన్నారు. ఆయన అన్నీ విని తల వంచుకున్నాడు. జనం వెళ్లిపోయాక, అమ్మకు నొప్పి తెలియకూడదనే కదా నాయనా నువ్వట్లా చేసింది అని పాల్ ఓదార్చబోయాడు.

“నొప్పి సంగతి ఆమె అడగలేదురా,” అన్నాడు డేవిడ్‌రాజు. “బిడ్డ కాడికి చేర్చమని అడిగింది.”

పాల్ తండ్రి పక్కనే అరుగు మీద కూర్చుండిపోయాడు.