ఎర్ర రిబ్బను

మా బడి పరుగు జట్టులో నలుగురం. అందరికన్నా ముందు పద్మ ఉరికేది, మిగతా ఇద్దరూ దాని వెనకే. సాధన రోజుల్లో ఆ ముగ్గురూ నాంపల్లిలో మా బడికి చేరి ముఖాలు కడుక్కునేసరికి నేనింకా అబిడ్స్ పోస్టాఫీసు దగ్గర రొప్పుతూ ఉండేదాన్ని. రిక్షావాళ్లు కూడా "ఎక్కుతవా బేటీ?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఒళ్లు మండిపోయేది.

"మరి నన్నెందుకు తీసుకున్నారు టీచర్?" అని ఒకరోజు అడిగేశాను.

నాగరత్నం టీచర్‌ది బందరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఇక్కడికొచ్చారు. దాపరికం తెలియని మనిషి. "పోయినేడు నాలుగో పిల్ల సగంలో కూలబడింది. నలుగురూ తిరిగి రాకపోతే జట్టు లెక్కలోకే రాదు. మొదటొచ్చిన పద్మకీ బహుమతి లేకుండా పోయింది. నువ్వు నిదానమేగానీ ఆగవు కదే వసుమతీ!" అన్నారు.

మెచ్చుకున్నారో తిట్టారో తెలియలేదు. పద్మ మాత్రం పోయినేడు కూలబడింది నేనే అయినట్టు ఆ కసంతా నామీద తీర్చుకునేది.

ఈసారీ పోటీ దారి అదే. నాంపల్లి నుంచి అబిడ్స్ మీదుగా సుల్తాన్ బజార్ దాకా, మళ్లీ వెనక్కి. ఎవరూ మధ్యలోనే తిరిగిపోకుండా, సుల్తాన్ బజార్ మలుపులో ఒక స్కౌటు అబ్బాయి జెండా పట్టుకుని నిలబడి, ప్రతి పిల్ల మణికట్టుకూ ఎర్ర రిబ్బను కడతాడు. అది లేకుండా వస్తే రానట్టే.

నేను చేరేసరికి మలుపులో జెండా లేదు, మనిషీ లేడు. ఏడుపు తన్నుకొచ్చింది. గాజుల దుకాణం ముందున్న ముసలమ్మ జాలిపడి, "గా స్కౌటు పోరడా? చాయ్ తాగనీకి పోయిండు" అని ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్ చూపించింది.

మా ఇంటి ఆడవాళ్లెవరూ అలాంటి హోటల్ గడప తొక్కలేదు. లోపలంతా మగవాళ్లే. మోకాళ్ల దాకా స్కర్టు వేసుకుని, చెమటోడుతూ గుమ్మంలో నిలబడితే మాటలన్నీ ఆగిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లోపలికి పోయి ఆ స్కౌటు అబ్బాయి బల్ల ముందు చెయ్యి చాపాను.

"అందరు పోయిన్రనుకున్న" అని నసిగాడు. అతని బిస్కెట్టు చాయ్‌లో పడి మునిగిపోయింది.

"గట్లెట్ల అనుకుంటవ్? నేనింక ఉన్న గదా! కట్టు!" అని అరిచాను.

నాంపల్లి చేరేసరికి గీత దగ్గర తాడు చుట్టేసి, బల్లలు సర్దేస్తున్నారు. పద్మ మెట్లమీద కూర్చుని ఏడుస్తోంది. టీచర్ నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని పోటీ నడిపే పెద్దమనుషుల దగ్గరికి లాక్కుపోయారు. "ఇదిగోనండీ మా నాలుగో పిల్ల! రిబ్బను చూడండి!"

వాళ్లు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. పద్మకు కప్పు ఇచ్చారు. చప్పట్లన్నీ దానికే. నాకు మంచినీళ్లిచ్చే దిక్కు కూడా లేదు.

కాసేపటికి పద్మ కప్పు చంకలో పెట్టుకుని వచ్చింది. "ఏడ సచ్చినవే గింతసేపు?"

ఇక ఆగలేకపోయాను. "రిబ్బను కట్టేటోడు లేడు. హోటల్ల మొగోళ్ల నడుమకు పోయి కట్టించుకొనొచ్చిన! నువ్వయితే పోతుంటివా?"

పద్మ నా మణికట్టు వంక చూసింది. "లేదు" అంది మెల్లగా. "ఏడ్సుకుంట వాపస్ వస్తుంటి."

అన్నది గానీ, కప్పు మాత్రం చంకలోంచి తియ్యలేదు.