ప్రయాణాల రేజరు

కౌంటరక్క దగ్గరికి రేజరు కొనడానికి వచ్చినవాడు తనకేం కావాలో చెప్పనక్కర్లేదు. గడ్డం కాస్త పైకెత్తి చూపిస్తే చాలు. ఆ బజారులో కాస్త పెద్ద ఫ్యాన్సీ దుకాణం అది. అందులో దువ్వెనలు, పౌడర్లు, షేవింగు సామాన్లు ఉండే వైపు పద్నాలుగేళ్ళుగా ఆవిడదే రాజ్యం. "మీ వెంట్రుక మొండిది, ఈ మూడు బ్లేడ్ల వేషాలు మీకు పనికిరావు, ఒంటి బ్లేడుది పట్టుకెళ్ళండి" అనేది. "ఊళ్ళు తిరిగే ఉద్యోగమా? అయితే పిడి పొట్టిగా ఉండాలి. తల ఊడొచ్చేది కొన్నారంటే సంచిలో ముక్కలు ఏరుకోవాలి" అనేది. అప్పుడప్పుడే మీసం మొలుస్తున్నవాళ్ళు కూడా సిగ్గుపడకుండా ఆమెనే అడిగేవాళ్ళు. ఇంత తెలిసిన మనిషికి ఇంట్లో మొగుడి మెడ మాత్రం పదిహేడేళ్ళు లొంగలేదు.

మొగుడు లిఫ్టు మెకానిక్. కొత్తగా లేస్తున్న ఎత్తయిన భవనాల్లో లిఫ్టులు బిగించడం పని. నెలలో పాతిక రోజులు కంపెనీ పంపిన ఊళ్ళో ఉంటాడు, ఐదు రోజులు ఇంట్లో ఉంటాడు. రెండేళ్ళుగా అది ఒకే ఊరు. పిల్లలు లేరు. కాబట్టి ఆ ఐదు రోజులూ ఆమెకు ఆయనే పిల్లాడు, ఆయనే పెద్దమనిషి. సాధించడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. సాక్సు జత కుదరకపోతే అంత దూరం నుంచి ఫోను చేసి సగం పూట నస పెట్టేవాడు. సబ్బుపెట్టె మూత వదులైనా, తువ్వాలు పాతదైనా తప్పు ఆమెదే. గడ్డం గీసుకున్నప్పుడల్లా గొంతు కింద ఎర్రగా పొక్కులు లేచేవి. వాటికి చొక్కా కాలరు తగిలితే మంట. ఆ మంట కూడా ఆమె ఖాతాలోదే. "ఊరందరికీ రేజర్లు అమ్ముతావు, నాకొకటి ఎంచలేవు" అనేవాడు.

ఆ మాట ఆమెకు ముల్లులా దిగబడేది. తొమ్మిది రేజర్లు మార్చింది. ప్రతి కొత్త రకాన్నీ ముందు తన ముంజేతి మీద గీసి చూసుకునేది. ఆ ఏళ్ళల్లో ఆమె ఎడమచెయ్యి ఎప్పుడు చూసినా అక్కడక్కడా నున్నగా, అక్కడక్కడా గరుగ్గా ఉండేది. పదోది దొరికింది. బరువైన లోహపు పిడి, అరచేతిలో ఇమిడిపోయేంత పొట్టిది. సంచిలో ఎంత కుదిపినా తెరుచుకోని రేకు డబ్బా, ఆ డబ్బాలోనే ఒక పక్క బ్లేడ్ల పొట్లానికి చోటు. దాన్ని ఆయన ప్రయాణపు సంచి పక్క జేబులో పెట్టింది. "ఇది ఇక్కడినుంచి కదలకూడదు. ఇంట్లోకి తీయొద్దు, పారేసుకోవద్దు" అని గట్టిగా చెప్పింది.

మొదటి ప్రయాణానికి ఫలితం అంతంతమాత్రమే. రెండో ప్రయాణం నుంచి మాత్రం ఆ మెడ మారిపోయింది. పొక్కు లేదు, ఎరుపు లేదు. బస్సు దిగి లోపలికొచ్చిన మనిషి గొంతు కింద తెల్లగా, నున్నగా ఉంది. ఆమె సంబరం అంతా ఇంతా కాదు. మర్నాడు దుకాణంలో క్యాషు దగ్గర కూర్చునే పిన్నికి చెప్పింది. అది సొంత పిన్ని కాదు, అందరికీ పిన్నే.

"మొగుడి మెడ చూసి మురిసిపోయేదాన్ని నిన్నే చూశానమ్మాయ్" అంది పిన్ని.

"నవ్వండి పిన్నీ. పదిహేడేళ్ళ కష్టం అది" అందామె.

అప్పటినుంచి ఆ రకం రేజరు చూపించేటప్పుడల్లా, "మా ఆయన వాడేది ఇదే, మెడ మీద గాటు పడితే నన్నడగండి" అని చెప్పేది. చెప్పి ఎన్ని అమ్మిందో లెక్కే లేదు. ఇంట్లో ఉన్న ఐదు రోజులూ ఆయన గడ్డానికి సెలవు. "అక్కడికెళ్ళాక గీసుకుంటాలే, ఇంట్లో ఎవరు చూడొచ్చారు" అనేవాడు. మాసిన గడ్డంతో వెళ్ళేవాడు, నున్నటి గడ్డంతో వచ్చేవాడు. వచ్చిన రోజు సంచి విప్పుతూ ఆమె తప్పకుండా అడిగేది, "రేజరు కడిగి పెట్టారా?" అని. ఆయన తప్పకుండా చెప్పేవాడు, "ఆఁ, కడిగాను" అని. డబ్బా ఊపితే లోపల గలగలమనేది. ఆమె మళ్ళీ జేబులో పెట్టేసేది. బ్లేడ్లు అయిపోయాయని ఆయన ఎప్పుడూ అనలేదు. ఎంత గట్టి బ్లేడో అని ఆ కంపెనీ వాళ్ళను మెచ్చుకునేది కూడా.

ఆ మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఆయన ఫోను చేశాడు. ఆమె జడ వేసుకుంటోంది.

"రేజరు ఏదీ?"

"సంచి పక్క జేబులో, డబ్బాలో ఉందిగా."

"డబ్బా ఉంది. లోపల బ్లేడ్ల పొట్లం ఉంది. రేజరు లేదు."

"అయ్యో, లేకపోవడమేంటండీ. సరిగ్గా చూశారా?"

"చూశాను."

ఇక మొదలవుతుంది దండకం అని ఆమె ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుంది. ఏమీ రాలేదు. గొంతులో నీరసం తప్ప కోపం లేదు. "పోనీ ఇవాళ్టికి సెలూన్‌కి వెళ్ళండి. నా మతిమరుపు తగలెయ్య, ఎక్కడ పెట్టానో చూస్తాను" అంది. "ఊఁ" అని పెట్టేశాడు. తిట్టకుండా ఫోను పెట్టేశాడంటే జ్వరమేమో అనుకుందామె. దుకాణం తెరవడానికి ఇంకా రెండు గంటలుంది కదా అని వెతకడం మొదలుపెట్టింది.

బీరువా చూసింది. స్నానాల గదిలో అలమర చూసింది. చివరికి స్టూలేసుకుని అటక మీదికి చెయ్యి చాచింది. అక్కడ ఒక అట్టపెట్టె ఉంది. ఇంటికి రంగులు వేయించినప్పుడు స్నానాల గది అలమరలోని చిల్లరమల్లర సామానంతా అందులో పడేసి పైకి తోసింది. పగిలిన అద్దం ముక్క, ఎండిపోయిన బూటుపాలిష్ డబ్బా, వాటి కింద రంగు తుడిచిన పాతగుడ్డలో చిక్కుకున్న రేజరు.

దొరికిందన్న సంతోషం ఆమెకు అర నిమిషం ఉంది. రేజరు పిడి మీద నీలం రంగు చుక్క ఒకటి ఎండిపోయి ఉంది. స్నానాల గది గోడకు వేసిన నీలం. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ప్రయాణం నుంచి ఆయన దాన్ని తడితడిగా, సబ్బు నురగతోనే డబ్బాలో కుక్కి తెచ్చాడు. తిట్టి, కడిగి, అలమరలో ఆరబెట్టింది. డబ్బా తుడిచి సంచి జేబులో పెట్టేసింది. మర్నాడే రంగులవాళ్ళు వచ్చారు.

రంగులు వేసి ఏడాదిన్నర అయింది.

ఆమె స్టూలు మీదే కూర్చుండిపోయింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది, రెండు చేతులూ చాల్లేదు. పద్దెనిమిది ప్రయాణాలు. పద్దెనిమిది సార్లు రేజరు లేని డబ్బా వెళ్ళింది, అలాగే వచ్చింది; గలగలమన్నవి బ్లేడ్లే. పద్దెనిమిది సార్లూ ఆయన నున్నటి గడ్డంతో గుమ్మంలోకి వచ్చాడు.

మనసు ఊరుకోదుగా, ఏవేవో సర్దిచెప్పుకుంది. సెలూన్‌లో గీయించుకున్నాడేమో. మరి ఇవాళ ఫోను ఎందుకు చేశాడు? అక్కడే ఇంకోటి కొనుక్కున్నాడేమో. సాక్సు కోసం సగం పూట సాధించే మనిషి, రేజరు పెట్టలేదని ఒక్క మాట అనకుండా కొనుక్కుంటాడా? నాలుక చివర ఇంకో సాకు ఉంది కానీ అది బయటికి రాలేదు. దానికి అడ్డంగా ఆ మాట నిలబడింది. "ఆఁ, కడిగాను." లేని రేజరును ఆ మనిషి పద్దెనిమిది సార్లు కడిగాడు. ఎవరో ఉన్నారు. గడ్డం గీసుకోవడానికి కావలసినవన్నీ ఉన్న ఇల్లేదో ఆయనకు ఇంకొకటి ఉంది. ఈ వారం అది లేకుండా పోయింది.

ఆ రోజు దుకాణానికి వెళ్ళింది. వెళ్ళకుండా ఇంట్లో ఏం చేస్తుంది? మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. పది రోజులు ఊళ్ళు తిరిగే పని ఉందట, సంచిలో పెట్టుకోవడానికి రేజరు కావాలన్నాడు. గడ్డం పైకెత్తి మెడ చూపించాడు. గొంతు కింద ఎర్రటి పొక్కులు. ఆమె చెయ్యి అలవాటుగా ఆ రకం మీదికే వెళ్ళింది. నోరు మాత్రం రాలేదు. "ఏమో బాబూ, మీకు నచ్చింది తీసుకోండి" అంది.

పిన్ని గల్లాపెట్టె వదిలి లేచొచ్చింది. "ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?"

"తలనొప్పి పిన్నీ."

ఎవరికైనా చెప్పుకుని ఏడవాలనే ఉంది. కానీ ఆ మెడ గురించి ఊరంతా చాటుకున్నది తనే. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

పాతిక రోజులకు రావాల్సిన మనిషి ఆ శనివారం మధ్యాహ్నమే వచ్చేశాడు. పది రోజుల గడ్డం. ఆ గడ్డంలో తెల్లవెంట్రుకలు ఇన్ని ఉన్నాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు. సెలూన్‌కి కూడా వెళ్ళలేదన్నమాట. సంచి గోడవారగా పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. ఆమె మంచినీళ్ళు ఇచ్చింది. తాగాక గ్లాసు పక్కన రేజరు పెట్టింది.

"అటక మీద దొరికింది. రంగులేసినప్పటినుంచీ అక్కడే ఉంది."

ఆయన రేజరును చూశాడు. పిడి మీద నీలం చుక్కను చూశాడు. అబద్ధమాడతాడేమోనని ఆమె ఎదురుచూసింది. నిజం చెప్పాలంటే, ఆడాలనే కోరుకుంది. ఏ పిచ్చి అబద్ధమైనా సరే, నమ్మడానికి సిద్ధంగా ఉంది.

"ఎవరు?" అని చివరికి తనే అడిగింది.

ఆయన నేలను చూస్తూ చెప్పాడు. "మాకు కంపెనీ ఇచ్చిన గది కింద వాటాలో ఉండేది. బట్టలు కుడుతుంది. ఒక్కతే."

"ఉండేది అంటే?"

"ఖాళీ చేసి వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఎవరో కొత్తవాళ్ళు సామాను దించుకుంటున్నారు. మిషనుండే చోట మంచం వేస్తున్నారు." గ్లాసును పక్కకు జరిపాడు. "ఒక్క మాట చెప్పలేదు. ఫోను కలవదు. ఎక్కడికెళ్ళిందో ఎవరికీ తెలీదు."

రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. ఆమె ఎన్నో అనుకుని ఉంది. బయటికి నడవమనాలనుకుంది, సంచి వీధిలోకి గిరాటేయాలనుకుంది, చొక్కా పట్టుకుని నిలదీయాలనుకుంది. కోపం తగ్గలేదు. కానీ ఎదురుగా మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే అందులో ఒక్కటీ చేయలేకపోయింది. ఇంకో ఆడదాని కోసం ఏడవడానికి ఈయనకు పెళ్ళాం తప్ప దిక్కులేకపోయింది గదా అనుకుంది. ఆ దిక్కుమాలినతనం చూస్తే ఆమెకూ ఏడుపొచ్చింది.

ఎన్నాళ్ళనుంచి, ఎందుకు, నాలో ఏం తక్కువ అని అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఆమె నోటివెంట వచ్చింది మాత్రం వేరే.

"ఏ రేజరు?"

ఆయన తలెత్తాడు. "ఏంటి?"

"అక్కడ మీరు ఏ రేజరు వాడారు? మీ మెడ బాగయింది కదా. ఏ రకం అది?"

తనకే సిగ్గేసింది ఆ ప్రశ్నకు. కానీ తెలుసుకోవాలి. పద్నాలుగేళ్ళు ఆ కౌంటరు దగ్గర నిలబడిన మనిషి తను. మొగుడు ఎలాగూ తనకు దక్కలేదు. కనీసం తనకు తట్టని రేజరు ఆవిడకెలా తట్టిందో తెలిస్తే చాలనిపించింది.

"మామూలుదే. వాడి పారేసే ప్లాస్టిక్కుది. కొట్ల ముందు దండలా వేలాడదీస్తారే, అది" అన్నాడు.

"దాంతోనా? దాంతో మీ మెడ చీరుకుపోవాలి."

"నేను గీసుకోలేదు. తనే గీసేది."

ఆ తర్వాత ఆయన ఆగలేదు. ఆమె అడక్కుండానే చెప్పుకుపోయాడు. కిటికీ పక్కన కుర్చీ వేసేదట. వేన్నీళ్ళలో ముంచిన తువ్వాలు మెడకు చుట్టి, అది చల్లారేదాకా కబుర్లు చెప్పేదట. తల వెనక్కి వాల్చి తన భుజానికి ఆనించుకుని, ఒక్కో గీతకూ ఆగి వేలితో తడిమి చూసి మళ్ళీ గీసేదట. అరగంట పట్టేదట. పనికి ఆలస్యమవుతుందంటే, లిఫ్టు రాకపోతే మెట్లెక్కి చస్తారులే అనేదట. అది చెబుతూ ఆయన గడ్డం పైకెత్తాడు, కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్ళింది. పెదవుల మీద చిన్న నవ్వొచ్చింది. ఎవరికి చెబుతున్నాడో పూర్తిగా మర్చిపోయాడు.

ఆమె ఆపలేదు, అంతా విన్నది.

అలాంటి ముచ్చట ఆమెకు తట్టక కాదు. పెళ్ళయిన మొదటి నెలలో, ఆయన అద్దం ముందు నురగ పూసుకుని నిలబడితే, పక్కకు చేరి "నేను గీయనా?" అని అడిగింది. "నాకు చేతుల్లేవా?" అన్నాడాయన, అద్దంలోంచి చూపు తిప్పకుండానే. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ మర్నాడే బజారుకెళ్ళి ఆయన కోసం మొదటి రేజరు కొనుక్కొచ్చింది.