రత్న రత్న

మారికుప్పం నుంచి బెంగుళూరుకు పోయే పొద్దుటి రైల్లో ఆడవాళ్ళ పెట్టె బంగారుపేటలోనే నిండిపోతుంది. మూడేళ్ళ కిందట ఒకరోజు ఆ పెట్టెలో ఎవరో "రత్నా, ఈడ చోటుండాది, రా" అని పిలిస్తే ఇద్దరు అమ్మాయిలు ఒకేసారి తిరిగి చూశారు. ఒకరు కామసముద్రంలో పట్టుపురుగులు పెంచే నంజుండప్ప కూతురు రత్న. వైట్‌ఫీల్డ్‌లో రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబులో రిసెప్షన్‌లో కూర్చునేది. రెండో అమ్మాయి మారికుప్పంలో పాత బంగారు గని కూలీల లైను ఇళ్ళలో ఉండే, ఇంట్లో రత్న అనే పిలిచే రత్నమేరీ. తల్లి జెసింతా బడిలో ఆయా. తండ్రి లేడు. మేరీ ఒక బట్టల దుకాణంలో పనిచేసేది.

ఖాళీగా ఉన్న ఆ ఒక్క సీటులో ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి మారికుప్పంలోనే ఎక్కే మేరీ, బంగారుపేటలో ఎక్కే రత్నకు చోటు పట్టేది.

మేరీ చర్చిలో గిటారు నేర్చుకుంది. రత్న చిన్నప్పటి నుంచీ ఊరి భజనల్లో పాడేది. మాలూరు దాటాక ఆకలి మరిచిపోవడానికి మొదలుపెట్టిన పాటలు ఆరు నెలలకు సొంత పాటలయ్యాయి. ఒక లైను తెలుగు, ఒక లైను తమిళం, మధ్యలో కన్నడం. పెట్టెలోని ఆడవాళ్ళు మళ్ళీ పాడమని అడిగేవారు.

కోలారులో ఒక కాలేజీ పెట్టిన పాటల పోటీకి పేరు ఇచ్చినప్పుడు ఫారంలో బ్యాండ్ పేరు రాయమన్నారు. మేరీకి ఏమీ తోచలేదు. ఆ గడిలో ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసింది. వేదిక మీద ఉన్న అతను "ఇప్పుడు రత్న రత్న" అని చదివాడు. జనం నవ్వారు. పాట అయ్యాక నవ్విన వాళ్ళే ఆ పేరు పట్టుకుని అరిచారు.

ఆ పోటీలోనే పురుషోత్తమ్ వాళ్ళను చూశాడు. ముళబాగిలు వాడు. పెళ్ళిళ్ళకూ కంపెనీల పండుగలకూ పాటల కచేరీలు కుదిర్చేవాడు.

"పేరు మార్చొద్దండమ్మా," అన్నాడు. "ఒకే మాట రెండుసార్లు వస్తే నోట్లో నిలబడిపోతుంది. బయటి దేశాల్లో ఇట్లాంటి పేర్లతోనే పెద్దపెద్ద బ్యాండ్లు అయిపోయినారు. ఒకసారి విన్నోడు రెండోసారి వాడే అంటాడు."

అతను చెప్పినట్టే అయింది. జనాన్ని రెండు భాగాలు చేసి, ఎడమవైపు వాళ్ళు "రత్న" అంటే మేరీ చెయ్యెత్తాలి, కుడివైపు వాళ్ళు "రత్న" అంటే రత్న చెయ్యెత్తాలి అని కూడా అతనే నేర్పాడు. ఏడాదిలో వాళ్ళ వీడియోలు చిక్కబళ్ళాపురం దాకా పోయాయి. ఇద్దరూ ఉద్యోగాలు మాత్రం మానలేదు. కచేరీలు ఆదివారాల్లో ఉండేవి.

పోయిన అక్టోబరులో మేరీకి జ్వరం వచ్చింది. నాలుగో రోజు రాబర్ట్‌సన్‌పేటలో రక్తం పరీక్ష చేయించి, ఆ రిపోర్టును ఫొటో తీసి రత్నకు పంపింది. ప్లేట్‌లెట్లు అరవైరెండు వేలు; లక్షన్నరకు తగ్గకూడదు. అలాంటి కాగితాలు రత్న చేతి మీదుగా రోజూ ఇరవై పోయేవి. డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి రెండు రోజులే చెడ్డవని ల్యాబులో డాక్టరు ఎవరికో చెప్తుండగా ఆమె విన్నది కూడా.

మర్నాడు ఆదివారం. వైట్‌ఫీల్డ్‌లో ఒక మాల్ ముందర మధ్యాహ్నం కచేరీ ఉంది. అంతకు ముందెప్పుడూ వాళ్ళు అంత పెద్ద చోట పాడలేదు.

పొద్దున్నే రత్న ఫోన్ చేసింది. "ఎట్లుండాది?"

"జ్వరం విడిచింది. ఒళ్ళంతా పీక్కుపోయినట్ల ఉండాది. రాలేనేమో."

"జ్వరం విడిచింది కదా మేరీ. నాలుగే పాటలు. కూర్చునే వాయించు. ఒక్క రత్నను చూసేదానికి ఎవరొస్తారు చెప్పు."

 "సరే, వస్తా" అంది మేరీ.

మూడో పాటలో మేరీ వేళ్ళు తీగలు తప్పాయి. కడుపు పట్టుకుని వంగింది. వేదిక వెనక వాంతి చేసుకుంటే అందులో రక్తం ఉంది. ఆస్పత్రిలో చేర్చేసరికి చేతులు చల్లబడి ఉన్నాయి. మంగళవారం పొద్దున పోయింది. ఇరవై ఐదేళ్ళు.

చాంపియన్ రీఫ్స్ దగ్గర సమాధుల తోటలో మట్టి వేస్తున్నప్పుడు రత్న అందరికన్నా వెనక నిలబడింది. రిపోర్టు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఫోన్ సంగతీ చెప్పలేదు.

మూడు వారాలకు పురుషోత్తమ్ ల్యాబు దగ్గరికే వచ్చాడు. వెంట ఒక అమ్మాయి. పేరు అర్పిత, మాలూరు. పంతొమ్మిదేళ్ళు ఉంటాయి. గిటారు సంచిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"నవంబరులో కన్నడ రాజ్యోత్సవానికి కోలారులో ఒప్పుకున్న ప్రోగ్రాం ఉండాది," అన్నాడు పురుషోత్తమ్. "ఈ పాప బాగా వాయిస్తాది. మీ పాటలన్నీ వీడియోలు చూసి నేర్చుకునింది."

"నా పక్కన ఇంకొకరా సార్?"

"ఇంకొకరు కాదమ్మా. స్టేజి మీద ఈ పాప కూడా రత్ననే. పోస్టర్లు అట్లే ఉండాయి. జనానికి పేరు కావాల."

రత్న కాదనాలి. అనలేదు. మేరీ పాటలు ఊరికే చచ్చిపోకూడదు కదా అని తనకు తాను చెప్పుకుంది. అది అబద్ధమని కూడా ఆమెకు తెలుసు. మూడు ఆదివారాలుగా ఇంట్లో కూర్చుని పట్టుపురుగుల తట్టల్లో మల్బరీ ఆకు వేస్తుంటే, ఆమెకు మేరీ ఎంత గుర్తొచ్చిందో వేదికా అంతే గుర్తొచ్చింది.

కోలారు మైదానంలో రాజ్యోత్సవం రోజు మధ్యాహ్నం రెండు వేల మంది ఉన్నారు. మెట్లు ఎక్కే ముందు అర్పిత మెల్లగా అడిగింది. "అక్కా, ఆపక్క వాళ్ళు పేరు పిలిస్తే నేను చెయ్యెత్తాలంట. ఎత్తేదా?"

"ఎత్తు."

"మీకు కష్టంగా ఉంటే ఎత్తను."

"ఎత్తమంటి కదా."

ఎడమవైపు జనం "రత్న" అన్నారు. అర్పిత చెయ్యెత్తింది. వాళ్ళు ఈలలు వేశారు. రత్న వాళ్ళ మొహాలను వెతికింది. ఒక్కడైనా ఈమె కాదే అంటాడేమో, పాత పిల్ల యాడికి పోయింది అని అడుగుతాడేమో అని పాటంతా చూసింది. ఎవరూ అడగలేదు. మేరీ కట్టిన పల్లవిని మేరీ వాయించినట్టే అర్పిత వాయించింది. కుడివైపు జనం "రత్న" అన్నప్పుడు రత్న చెయ్యి లేవలేదు. ఆ జనం మళ్ళీ అరిచి, ఆ తర్వాత వదిలేశారు.

దిగి వచ్చాక ఆమె పురుషోత్తమ్‌తో చెప్పింది. "పేరు తీసేయండి సార్. వేరే పేరు పెట్టండి, నేను పాడతాను."

"పేరు నేను రిజిస్టర్ చేయించినాను. మీ ఇద్దరినీ అడిగే చేసినా. సంతకాలు పెట్టినారు."

"మేరీ లేదు కదా."

"అందుకే ఈ పాప వచ్చింది." అతను కోపంగా అనలేదు. "నువ్వు పాడకపోతే ఇంకొకర్ని చూస్తా. నాకు వేరే దారి లేదు తల్లీ."

రత్న మానేసింది. డిసెంబరులో అర్పిత పక్కన బెంగుళూరు అమ్మాయి ఒకతె చేరింది. క్రిస్మస్ ముందు రోజుల్లో ఆండర్సన్‌పేటలో కచేరీ జరిగింది. జెసింతా ఇంటికి ఆ మైదానం ఎంతో దూరం కాదు.

అది తెలిశాక రత్న ఉండలేకపోయింది. ఆ ఆదివారం మారికుప్పం దాకా రైల్లో వెళ్ళి, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్క దారిలో నడిచి లైను ఇంటికి చేరింది. జెసింతా గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. లోపలికి రమ్మంది. ఒకే గది. ఎప్పుడూ గోడకు వేలాడే మేరీ గిటారు లేదు.

"చర్చికి ఇచ్చేసినాను," అంది జెసింతా, ఆమె చూపు చూసి. "మొన్న రాత్రి మైకులో నా బిడ్డ పేరు పిలిచినారు. రెండుసార్లు. కిటికీ మూసుకున్నాను. అయినా వినబడతానే ఉండింది."

"ఆంటీ, ఒకటి చెప్పాల."

"చెప్పు."

రత్న నిలబడే చెప్పింది. రిపోర్టు చూశానంది. అరవైరెండు వేలంటే ఏమిటో తనకు తెలుసంది. మేరీ రాలేనంటే రమ్మన్నది తనేనంది. చెప్తున్నంతసేపూ జెసింతా చేతులు బియ్యంలోనే ఉన్నాయి.

"నాకు తెలుసు," అంది చివరికి. "ఆ పొద్దు ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడింది. నేను పక్కనే గంజి కలుపుతా ఉండినాను. నీ మాట విన్నాను."

రత్న తలెత్తి ఆమెను చూసింది.

"విని, నేను కూడా వద్దనలేదు. మాల్‌లో పాడతాదని అందరికీ చెప్పుకునుంటిని. కూర్చోబెట్టి జడేసినాను. తల పట్టుకుంటే చల్లగా ఉండింది. జ్వరం పోయిందని సంతోషపడినాను." జెసింతా చేట కింద పెట్టింది. "నిన్ను అనేదానికి నాకు నోరు లేదు. అయితే నిన్ను చూస్తా కూర్చోలేను. నా బిడ్డ పేరు పెట్టి నిన్ను పిలవలేను కూడా. ఇంగ రావద్దు."

"సరే ఆంటీ."

"టీ తాగి పో."

జెసింతా స్టవ్ వెలిగించింది. ఒక్క గ్లాసే పెట్టింది. రత్న గోడకు ఆనుకుని కూర్చుని, వేడిగా ఉండగానే తాగేసి, గ్లాసు కడిగి బోర్లించింది. జెసింతా అటు తిరిగి మళ్ళీ బియ్యం ఏరుకుంటోంది. రత్న చెప్పులు వేసుకుని స్టేషను వైపు నడిచింది. సాయంత్రం రైలుకు ఇంకా రెండు గంటల సమయం ఉంది.