వెనక వరుస నవత

గుండ్రంగా తిరుగుతున్న రికార్డు మీద వేళ్లు ఆనించి నవత వెనక్కి లాగింది. స్పీకర్‌లోంచి గర్రుమని ఓ శబ్దం తెగి వచ్చింది. వదిలి, మళ్లీ లాగింది. ఎడమచేత్తో శబ్దాన్ని తెరిచి మూసే చిన్న మీటను అటూ ఇటూ తోస్తోంది.

ఫిలింనగర్‌లో టిఫిన్ సెంటర్ పైనున్న గది అది. కింద పిండి రుబ్బుతున్న చప్పుడు. పైన వరప్రసాద్ మాస్టారు స్పీకర్ మీద అరచెయ్యి పరిచి కూర్చున్నారు. ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో, హోటళ్లలో డీజేగా చేసి వినికిడి చాలావరకు పోగొట్టుకున్న మనిషి. ఇప్పుడు తాళాన్ని చేత్తోనే వింటారు.

"అంత గట్టిగా పట్టుకోకమ్మా. దాన్ని తిరగనివ్వు."

"గట్లనే చేస్తున్న సార్. చెయ్యే జర మొండికేస్తున్నది."

నలభై దాటిన నవత సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్‌గా బతికింది. ఎప్పుడూ వెనక వరుసే. తెరమీద ఆమె ఎక్కడుందో ఇంట్లోవాళ్లే పోల్చుకోలేకపోయేవాళ్లు. మోకాలు అరిగి ఆట ఆగాక, మాస్టారి దగ్గర ఈ పని నేర్చుకోవడానికి ఈ మెట్లెక్కింది. తాళం పాదాల్లో ఎప్పటినుంచో ఉంది. చేతుల్లోకి దిగడానికే ఏడాది పట్టింది.

ఆ మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో డాన్సర్ల విందు. నవతకు మొదటి ప్రోగ్రాం. మాస్టారికి ఆఖరిది. మిగిలిన కాస్త వినికిడైనా నిలవాలంటే పెద్ద శబ్దాలకు దూరంగా ఉండమని డాక్టర్ చెప్పాడు. సాయంత్రం బస్సుకు ఆయన కాకినాడ, అక్కగారింటికి ప్రయాణం.

"పాటలు ముందే లాప్‌టాప్‌లో కలిపి పెట్టుకోవచ్చుగా?" అంది హాల్లో ఎదురైన పుష్పవల్లి. ఎన్నో పాటల్లో ముందు వరుసలో ఆడిన మనిషి. "అందరి ముందూ తప్పితే ఏం బాగుంటుంది?"

"నా చేతులతోనే కలుపుత అక్కా. తప్పితే తప్పనీ."

మొదటి పాట బాగానే సాగింది. రెండోది దాని కిందికి తెస్తుంటే, అది వెంట్రుకవాసి ముందుకు పరిగెత్తింది. ఒకే గుమ్మంలో ఇద్దరు దూరబోయినట్టు రెండు దరువులూ గుద్దుకున్నాయి. ఆడుతున్నవాళ్ల అడుగులు తడబడ్డాయి. నవత మాస్టారి వైపు చూసింది. స్పీకర్ పక్కన ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి ఆనించి నిలబడ్డారు. సైగ కూడా చెయ్యలేదు.

ఆమె రెండో రికార్డు కింద తిరుగుతున్న పళ్లెం అంచును వేలితో తాకీ తాకనట్టు ఒరిసింది. ఇంకోసారి. రెండు దరువులూ ఒకటయ్యాయి. అప్పుడు శబ్దం తుంచి, రికార్డును గర్రున తిప్పి, ఓ క్షణం హాలంతా నిశ్శబ్దంగా ఉంచి, తీన్‌మార్ దరువు వదిలింది.

ఈలలు లేచాయి. పుష్పవల్లి అడుగేసింది. అలవాటు కొద్దీ అందరూ వరుసలు కట్టేశారు, నవతకు ఎదురుగా. ఇన్నేళ్లూ ఆమె చూసినవి వాళ్ల జడలే. ఇవాళ ముఖాలు చూసింది. చెమటతో మెరుస్తున్న ఆ ముఖాలన్నీ ఆమె చేతి కోసమే చూస్తున్నాయి. నొప్పి మోకాలి మీదే నవత నిటారుగా నిలబడింది.

పాట ముగిసి చూసేసరికి స్పీకర్ పక్క ఎవరూ లేరు.

"నీ చెయ్యి కుదిరింది, ఇక నాతో పని లేదని చెప్పమన్నారు మీ మాస్టారు," అంది పుష్పవల్లి. "నవ్వుతూనే వెళ్లారు."

సాయంత్రం నవత టిఫిన్ సెంటర్ పైగది తలుపు తీసింది. గోడకున్న కొక్కేనికి ఆయన వదిలి వెళ్లిన హెడ్‌ఫోన్స్ వేలాడుతున్నాయి. భుజానికీ చెవికీ మధ్య నొక్కి పట్టీ పట్టీ ఎడమవైపు మెత్త చదునైపోయింది; కుడివైపుది ఇంకా కొత్తగానే ఉంది.