ఆరెయ్యక్కర్లేని అధ్యాయం

ఆయన ముందురోజు రాసిన కాగితాలను భార్య రోజూ పొద్దున్నే దండెం మీద ఆరేసేది. నావికా యుద్ధాల చరిత్ర రాయడం ఆయన వృత్తి. సముద్రం మీద నిజంగా జరిగినది రాస్తే కాగితం ఉప్పునీళ్లు కారేది. ఎనిమిది పుస్తకాలుగా ఆ ఇంట్లో ఇదే తంతు. ప్రచురణకర్త కూడా సంచిలో రబ్బరు గుడ్డ వేసుకునే వచ్చేవాడు.

తొమ్మిదో పుస్తకంలో ఆరో అధ్యాయం మాత్రం తడవలేదు.

"ఇది గలగలలాడుతోందండీ. ఆరెయ్యక్కర్లేదు," అంది భార్య.

"నువ్వేమైనా ముందే ఎండబెట్టావా?"

"ఆఁ, నాకింకేం పని లేదు మరి."

ఆయన ముందు సిరాను అనుమానించాడు. తర్వాత కాగితాల కొట్టువాణ్ణి. ఇక ఎవరూ మిగలక, తను రాసినదాన్ని అనుమానించాడు.

ఆజ్ఞ విని కూడా సరంగు చుక్కాని తిప్పలేదని, అందుకే యుద్ధనౌక మునిగిందని కెప్టెన్ నివేదిక. ఇరవై ఏళ్ల కిందట రచయితకు పేరు తెచ్చిన తొలి వ్యాసం దాని నకలే; ఇప్పుడీ ఆరో అధ్యాయమూ అంతే. అప్పుడూ కాగితం పొడిగానే ఉంది. పని సులువైందని సంతోషించాడు. ఆ తర్వాత సరంగుకు ఎవరూ చుక్కాని అప్పగించలేదు. రేవులో పడవ టిక్కెట్లు చింపుతూ బతుకుతున్నాడు.

కెప్టెన్ ఇప్పుడు నౌకాదళ దస్త్రాల భవనానికి అధికారి. ఆయన సంతకం లేనిదే అక్కడ కాగితం కదలదు. ముందుమాట ఇవ్వడానికి స్వయంగా ఇంటికొచ్చి, ఆరో అధ్యాయం ఆగిపోయిందని విన్నాడు.

"నా మాట మీదే అనుమానమా, రచయితగారూ?"

"మీ మాట మీద కాదండీ. కాగితం మీద."

రచయిత కెప్టెన్ ఎదుటే రెండు కాగితాలు తీశాడు. ఒకదాని మీద, 'కెప్టెన్ ఎడమకు తిప్పమన్నాడు' అని రాశాడు. సిరా ఇట్టే ఆరిపోయింది. రెండోదాని మీద, 'కెప్టెన్‌కు నోరు పెగల్లేదు' అని రాశాడు. బల్ల అంచు నుంచి నీళ్లు ధారకట్టి కెప్టెన్ బూట్ల మీద పడ్డాయి.

కెప్టెన్ కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "ఇది అచ్చయితే మళ్లీ మా గుమ్మం తొక్కలేరు."

"తెలుసండీ."

భార్య నేల తుడిచి, రెండో కాగితం తీసుకెళ్లి ఆరేసింది.

పుస్తకం వచ్చింది. దస్త్రాల భవనం తలుపులు మూసుకున్నాయి. పదో పుస్తకం లేదు. వానాకాలం పోయాక రేవు యజమాని పడవను సరంగుకు అప్పగించాడు. రచయిత ఆ పడవెక్కి, క్షమాపణ మనసులో కూడబలుక్కుంటూ అతని ముందు నిలబడ్డాడు.

"ఆ వ్యాసం రాసేముందు నన్నొక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణిగా," అన్నాడు సరంగు, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా. "నేనెక్కడికి పోయాను? ఈ రేవులోనే ఉన్నా."

చుక్కాని తిప్పుతూ, "కొంచెం పక్కకి జరగండి. ఒడ్డు కనబడట్లేదు," అన్నాడు.