నాలుగు రోజుల నాటి ఎండ

మోకాలి మీద ఎండ.

కుట్ల మీద అరచెయ్యంత ఎండ. అది ఫొటోలో. తీసి నాలుగు రోజులైంది.

ఆపరేషను చేసి మోకాలు మార్చి పదకొండు రోజులు. రోజూ వ్యాయామం. మడమ ఈడ్చు, చాపు. ఈడ్చు, చాపు... కాలికన్నా ముందు మనిషినే అలిసిపోయాను.

పొద్దున్న తొమ్మిదింటికి ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోను. మొహం ఎరగను. గొంతొక్కటే. కుట్ల ఫొటో పంపమంటుంది. నొప్పికి పదికి ఎన్ని మార్కులంటుంది.

మూడేస్తాను. బడిలో నాకు వేసినన్నే.

రోజూ మూడే.

ఇవాళ తెల్లారకముందే వాన.

పిక్క రాయిలా బిగుసుకుంది. కుట్ల చుట్టూ ఎరుపు. చెయ్యి వేస్తే కాలింది.

చెబితే — నర్సమ్మ నా కూతురికి చెబుతుంది. అది పని వదిలేసి స్కూటరెక్కుతుంది. ఈ వానలో. ఆ వంతెన మీద. లారీల పక్కన. నీళ్ళ కింద గుంత ఎక్కడుందో ఎవరికి తెలుసు...

కీడెంచి మేలెంచమన్నారు. నాకు కీడు దగ్గరే పొద్దు గూకుతుంది.

పాత ఎండనే మళ్ళీ పంపాను.

ఫోను మోగింది.

"నొప్పి ఎంతమ్మా?"

"మూడు."

"మీ మూడు అరిగిపోయిందమ్మా, రోజూ వాడి వాడి."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఆ చప్పుడేంటి?"

వాన. రేకుల మీద దంచుతున్న వాన.

"ఫొటోలో ఎండ కాస్తోంది మరి."

వాన ఆగలేదు.

"మా అమ్మా ఇంతే. జ్వరమొస్తే థర్మామీటరు దాచేస్తుంది. దుప్పటి తీసి, ఇప్పుడొక ఫొటో పంపండి."

మొదటిది మసకగా వచ్చింది. రెండోది పంపాను.

అవతల ఊపిరి.

పొడుగ్గా...

"కాలు కింద పెట్టకండి. పిక్క పిసకకండి, నెత్తురు గడ్డ కట్టి ఉండొచ్చు. అంబులెన్సు పంపిస్తున్నాం. మీ అమ్మాయికి నేను చెబుతాను."

"వాన తగ్గాక చెప్పు తల్లీ."

"వాన తగ్గేదాకా కాలు ఆగదమ్మా."

పెట్టేసింది.

కాసేపటికి నేనే కూతురికి చేశాను. రావొద్దని. లేదా మెల్లగా రమ్మని.

మోగింది. మోగింది. ఎత్తలేదు.

బండి మీద ఉంటే ఎత్తదు. ఎత్తొద్దని నేర్పింది నేనే.

మళ్ళీ చెయ్యాలనుంది. చేస్తే — బండి మీదే ఎత్తుతుందేమో.

ఫోను పక్కన పెట్టాను.

మోకాలి మీద అరచెయ్యి వేసుకున్నాను, ఆ రోజు ఎండ పడిన చోటే.

వెచ్చగా ఉంది... ఎండలాగే.

బయట వాన.