పాటలమూటలో శోకం

మడికొండ ఐటీ పార్కులో భానుచందర్ పనిచేసే కంపెనీ మొన్నటిదాకా కాలేజీలకు హాజరు యంత్రాలు అమ్ముకునేది. ఉన్నట్టుండి దానికి సంగీతం మీద ప్రేమ పుట్టుకొచ్చి 'పాటలమూట' అని ఒక యాప్ పెట్టింది. సినిమా పాటల హక్కులన్నీ పెద్ద కంపెనీలు ఎప్పుడో చేజిక్కించుకున్నాయి కాబట్టి, ఎవరి దగ్గరా లేని పాటలు కావాలంది. ఊళ్లు తిరిగి వాటిని ఏరుకొచ్చే పని భానుచందర్ నెత్తిన పడింది. నాట్ల పాటలు తెచ్చాడు, బతుకమ్మ పాటలు తెచ్చాడు, ఎవరూ పట్టించుకోలేదు. జనం ఎగబడి విన్నది ఒక్కటే. రఘునాథపల్లిలో అతని మేనమామ రాజమౌళి చనిపోయిన రోజు, శవం పక్కన కూర్చుని అత్త మొగిలమ్మ పెట్టిన శోకం.

శోకం అంటే రాగం కట్టిన ఏడుపు. పోయినవాణ్ణి పిలుచుకుంటూ, వాడితో బతికిన బతుకంతా తలచుకుంటూ ఆడవాళ్లు అప్పటికప్పుడు అల్లుకునేది. చావు లేని ఇంట్లో వినబడితే కీడని దాన్ని కూనిరాగంగా కూడా తీయరు. భానుచందర్‌కు ఇదంతా తెలుసు. తెలిసే ఆ రోజు ఫోనులో రికార్డింగు నొక్కి, చొక్కా జేబులో పెట్టుకుని అత్త దగ్గర నిలబడ్డాడు. "పాడినావిడ ఒప్పుకున్నారా?" అని మేనేజర్ శోభారాణి అడిగితే, "మా అత్తే మేడం, ఒప్పుకుంది" అని తడుముకోకుండా చెప్పేశాడు కూడా.

అప్పుడు అబద్ధం తేలిగ్గానే వచ్చింది. ఇప్పుడు అన్నం సహించడం లేదు. ఆఫీసులో ఎవరైనా శభాష్ అని భుజం తడితే సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గరికి ఎవరో ముసలమ్మ వచ్చిందని వాచ్‌మన్ కబురు పెట్టాడు. వెళ్లి చూస్తే మొగిలమ్మ. ఊర్లో బస్సెక్కి నేరుగా వచ్చింది. క్యాంటీన్లో కూర్చోబెట్టి చాయ్ తెచ్చిచ్చాడు. ఆమె ముట్టుకోలేదు.

"మా పక్కింటి సుకన్య లేదా, గా పిల్ల ఫోన్ల నా శోకం పెట్టిందిరా. అత్తా, నువ్వు ఫేమస్ అయినవనుకుంట నవ్వుతాంది. కడుపుతోని ఉన్న పిల్ల! నా పాణం గుబుక్కుమన్నది. జల్ది బంద్ చెయ్యమని మొత్తుకున్న. ఇంక ఎన్ని ఇండ్లల్ల ఇంటాన్రో ఏమో. పసిపిల్లలుంటరు, పెండ్లిండ్లుంటయి. ఎవలకన్న ఏమన్న అయితే గా ఉసురు నాకు తాకదా?"

తిట్టడానికి వచ్చిందనుకుని అతను తల వంచుకుని ఉన్నాడు. ఈవిడేమో ఊరూ పేరూ తెలియని వాళ్ల ఇళ్లకు కీడు జరుగుతుందని వణికిపోతోంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది భానుచందర్‌కు.

"నువ్వే అమ్ముకున్నవని ఊరంత అంటాన్రు. నేను ఒప్పుకోలే. నీ ఫోన్లకెల్లి ఎవలో దొంగతనంగ గుంజుకున్నరు గదా?"

ఔనని తల ఊపితే చాలు. మెడ కదలబోయింది కూడా.

"నువ్వట్ల చేసేటోనివి కాదు," అంది మొగిలమ్మ. "గా దినం డప్పులోల్లు ఒక్కతీరు కొడ్తాంటే నువ్వే చెయ్యెత్తి ఆపిచ్చినవ్. నా ఏడుపు మీ మామకు ఇనబడాలెనని నీకొక్కనికే తోచింది. యాదికొచ్చినప్పుడల్ల మనసుల నీకు మొక్కుకుంట బిడ్డా."

ఇక తట్టుకోవడం అతని వల్ల కాలేదు.

"మామ కోసం కాదత్తా. రికార్డింగుల డప్పుల సప్పుడు వడ్తదని ఆపిచ్చిన. ఎవలూ దొంగతనం చెయ్యలే. నేనే పెట్టిన."

మొగిలమ్మకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. అతను ఆమె ఎదుటే శోభారాణికి ఫోన్ చేశాడు. మా అత్త ఒప్పుకోలేదు మేడం, అబద్ధం చెప్పిన, ఇప్పుడే ఆ పాట తీసెయ్యండి అన్నాడు. అవతలి నుంచి అరుపులు వినిపించాయి, అందులో ఉద్యోగం ఊడుతుందన్న మాట కూడా ఉంది. శోభారాణి సరే తీసేస్తానన్నాకే ఫోన్ పెట్టేశాడు.

మొగిలమ్మ కొంగు సర్దుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగింది.

"మీ మామ ఎత్తుకోని పెంచిండు గదరా నిన్ను. నా పక్కపొంటే నిలవడ్డవ్. నీకు గా దినం జర్రంత గూడ ఏడుపు రాలేదారా?"

"వచ్చిందత్తా," అన్నాడు భానుచందర్. "ఫోన్ల వడ్తదని నోరు మూసుకున్న."